సోఫీప్ నేర్చుకున్న ప్రశ్న

ఏదైనా అడిగితే సోమిదేవమ్మగారు తిన్నగా జవాబు చెప్పరు. ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పి తన పనిలో పడిపోతారు. ఆమె దగ్గర వీణ నేర్చుకునే హిమజ సెలవులకి కాంబోడియా ప్రయాణమై, "అమ్మా, అక్కడో పల్లె బడిలో రెండు వారాలు ఇంగ్లీషు చెప్పమన్నారు. అంతలో ఎవరికేం వస్తుందండీ? నేను ఫొటోలు దిగి రావడం తప్ప!" అంది.

ఆవిడ చెప్పిన సంగతి ఇది.

ఇదివరకటి శిష్యుడు భానుమూర్తి కూడా ఆ దేశం చూడబోయి, ఏటి ఒడ్డున ఓ బడిలో కొన్నాళ్లు ఇంగ్లీషు చెప్పాడు. పిల్లల మధ్య సోఫీప్ అనే నడివయసు మనిషి వచ్చి కూర్చునేది. కరువు రోజుల్లో తిండి పెట్టలేక, చంటిబిడ్డని విదేశీ దంపతులకి పెంపకానికి ఇచ్చేసిందట. ఆ బిడ్డ ఇప్పుడు పెద్దదై, కన్నతల్లిని చూడడానికి వచ్చే ఆదివారం వస్తోంది. కూతురికి ఇంగ్లీషు తప్ప రాదు, తల్లికి అది ఒక్క ముక్క రాదు. రెండూ కాస్త కాస్త వచ్చిన బడిపంతులు "పక్కనుండి నేను చెప్తాలే" అన్నా సోఫీప్ ఒప్పుకోలేదు. మొదటి మాట తన నోటితోనే అడగాలట.

భానుమూర్తి "ఎలా ఉన్నావు?" అనడం నేర్పబోయాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆ ఊళ్లో ఎవరు ఎదురైనా ముందు అడిగేది అన్నం తిన్నావా అనే.

"ఎలా ఉందో నా కళ్లకి తెలుస్తుంది బాబూ. తిన్నదో లేదో అది చెప్తేనే కదా తెలిసేది!" అని పంతులు చేత చెప్పించింది.

సరే, ఆ ఒక్క ప్రశ్నే నేర్పాడు. నాలుక తిరక్క పాపం ఆవిడ నానా పాట్లూ పడింది. పొలంలో నాట్లు వేస్తూ కూడా అదే వల్లె వేసుకునేది.

కూతురు వచ్చింది. వాకిట్లోనే ఎదురెళ్లి సోఫీప్ తడబడకుండా అడిగింది. దారిలో కడుపునిండా తినే వచ్చానని ఆ పిల్ల కళ్లనీళ్లతో ఇంగ్లీషులో చెప్పింది. అప్పుడు గుర్తొచ్చింది భానుమూర్తికి. ప్రశ్న నేర్పాడు గానీ జవాబులు నేర్పడం మరిచిపోయాడు! ఏమీ అర్థంకాని సోఫీప్ గబగబా లోపలికి వెళ్లి, అన్నమూ చేపల పులుసూ వడ్డించుకొచ్చి కూతురి ముందు పెట్టింది. అర్థం చెబుదామని అతను నోరు తెరిచేలోగా ఆ పిల్ల చాపమీద కూర్చుని తినసాగింది. తల్లి రెప్ప వాల్చకుండా చూస్తోంది. భానుమూర్తి తనకి తెలియకుండానే చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడట.

"అయితే అతను నేర్పింది పనికొచ్చినట్టేనా, రానట్టేనా?" అంది హిమజ.

సోమిదేవమ్మగారు వీణ ఒళ్లోకి తీసుకున్నారు.

"ఆ పిల్లకి ఆకలి లేదమ్మా. అయినా కంచం ఖాళీ చేసింది. నువ్వు వెళ్లిరా."