గోరింక కథకు తీతువు వాటా

అనగనగా ఒక అడవిలో, వేరుశనగ చేలకు ఆనుకుని ఉన్న ఒక మట్టిదిబ్బ కింద, చెంచమ్మ అనే పందికొక్కు ఉండేది. పందికొక్కు అనగానే ముక్కు మూసుకోకండర్రా! దాని బొరియ చూస్తే మీ ఇల్లు చిన్నబోతుంది. ముందొక గుమ్మం, వెనకొక దొడ్డిదారి, మధ్యలో మెత్తగా గడ్డి పరిచిన గది. ఆ గదిలో ముగ్గురు పిల్లలు: పొట్టు, గింజ, చిట్టు. చిట్టు అందరికన్నా చిన్నది. దానికింకా పరుగు సరిగా రాదు.

ఆ దిబ్బ మీద ఒక కట్టుబాటు ఉంది. మట్టి తవ్వినప్పుడు దొరికే వేరుపురుగుల్లో రోజుకు రెండు తీతువు పిట్టకు పెట్టాలి. పెట్టిన వాళ్ళ గుమ్మం ముందు అది కాపలా తిరుగుతుంది. పాము అలికిడైతే చాలు, గొంతు చించుకుని అరుస్తుంది. తీతువు అరిస్తే అపశకునం అంటారు మనవాళ్ళు. ఆ దిబ్బ మీద మాత్రం ఆ అరుపే ప్రాణం.

ఒకనాడు అక్కడికి ఒక గోరింక వచ్చింది. అబ్బో, దాని గొంతు ఏం గొంతు! పులి గాండ్రింపు, ఏనుగు ఘీంకారం, నీళ్ళలోకి కప్ప దూకిన చప్పుడు, అన్నీ అందులోనే.

"చెంచమ్మక్కా, రోజుకొక్క పురుగు పెట్టు. సాయంకాలం పిల్లలకు కథ చెబుతాను," అంది.

"ఒక్కటేగా!" అనుకుంది చెంచమ్మ.

గోరింక గుమ్మం ఎదుట తుమ్మకొమ్మ మీద కూర్చుని కథ చెబుతుంటే, పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. దిబ్బకు అవతలి పక్కనుండే రత్తమ్మ పిల్లలు కూడా వచ్చి చేరేవాళ్ళు. పొద్దంతా తవ్వి తవ్వి వచ్చిన చెంచమ్మ హాయిగా కాళ్ళు చాపుకునేది.

నెల తిరిగింది. "గొంతు అరిగిపోతోందక్కా. ఇక రోజుకు రెండు," అంది గోరింక.

ఇంకో నెల తిరిగింది. పులి జింక మీదకు దూకబోయే సమయానికి కథ ఆపి, "ఆహా, తుమ్మచెట్టు తేనె! నాలుకకు తీపి, ఒంటికి బలం!" అని పాడటం మొదలెట్టింది. "మధ్యలో ఇదేంటి మామా?" అని పిల్లలు గోల పెట్టారు. "ఈ పాట వద్దంటే మూడు పెట్టండి," అంది.

మూడో నెల తిరిగేసరికి ఏకంగా, "ఏ ఇంటి కథ ఆ ఇంటిదే! పక్కింటి పిల్లలు వినకూడదు. మీకొక్కరికే నాలుగు," అనేసింది.

రత్తమ్మ నవ్వింది. "మాకొద్దులే చెంచమ్మా. తీతువుకు పెట్టేది మానలేను కదా! మా పిల్లలకు నేనే ఏదో ఒకటి కల్పించి చెబుతా."

"నువ్వా? నీ గొంతుకు పులి కాదు కదా, పిల్లి కూడా రాదు!" అని వెక్కిరించింది చెంచమ్మ.

వెక్కిరించింది సరే, పురుగులేవీ? ఎంత తవ్వినా దొరికేవి ఐదే. కథ మానేద్దామంటే పిల్లల ఏడుపు. ఆ సాయంత్రం తీతువు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"చెంచమ్మా, నా వాటా?"

"పాము వచ్చి ఏడాదైంది కదత్తా. రాని పాముకు కాపలా ఎందుకు చెప్పు?"

"నేనున్నాను కాబట్టే రాలేదమ్మా," అని తీతువు అవతలి పక్కకు వెళ్ళిపోయింది.

మొదటి రోజు గుమ్మం ముందు అడుగుల చప్పుడు లేదు. రెండో రోజు గడ్డి మీద ఒక కుబుసం కనిపించింది, పొడుగ్గా, తెల్లగా. "గాలికి కొట్టుకొచ్చి ఉంటుందిలే," అని చెంచమ్మ తనకు తానే చెప్పుకుంది. పిల్లలతో అనలేదు.

మూడో రోజు పొద్దు వాలుతుండగా గోరింక పాము కథ ఎత్తుకుంది.

"పాము వచ్చింది... మెల్లగా వచ్చింది... బుస్స్!"

పిల్లలు ఒకరినొకరు కరుచుకున్నారు. ఉన్నట్టుండి కథ ఆగింది. రెక్కలు టపటపలాడాయి. ఆ తర్వాత మళ్ళీ, "బుస్స్..."

"అమ్మా, గోరింక మామ ఎంత బాగా బుస కొడుతున్నాడో!" అంటూ చిట్టు గుమ్మం వైపు నడిచింది.

చెంచమ్మ తలెత్తి చూసింది. తుమ్మకొమ్మ ఖాళీ. గోరింక లేదు.

బుస మాత్రం ఆగలేదు.

గుమ్మంలో వెలుతురు తగ్గింది. చెంచమ్మ తలంత లావున జెర్రిపోతు తల లోపలికి వచ్చింది.

"పొట్టూ! గింజా! దొడ్డిదారి!" అని అరిచింది చెంచమ్మ. ఆ ఇద్దరూ పరుగెత్తారు. చిట్టు మాత్రం కొయ్యబారిపోయి నిలబడింది. చెంచమ్మ ఒక్క దూకు దూకి దాని మెడ నోట కరుచుకుని వెనక్కి తిరిగింది. అప్పుడే తోక మీద చురుక్కుమంది. లాగింది. రాలేదు. ప్రాణాలన్నీ కూడగట్టి మళ్ళీ లాగింది. సగం తోక పాము నోట్లో వదిలేసి బయటపడింది.

పిల్లలతో దిబ్బ అవతలికి పరుగెత్తేసరికి, రత్తమ్మ గుమ్మం ముందు తీతువు కాపలా తిరుగుతోంది. చెంచమ్మకు తల ఎత్తాలంటే సిగ్గేసింది.

"అత్తా..."

"మాటలు తర్వాత. ముందు లోపలికి పో. పిల్ల వణికిపోతోంది," అంది తీతువు.

పాత బొరియ పాము పాలైంది. చెంచమ్మ రత్తమ్మ పక్కనే కొత్తది తవ్వుకుంది. నాలుగు రోజులకు గోరింక ఏమీ ఎరగనట్టు వచ్చి వాలింది.

"ఆ పూట ఒక్క కేక వేయలేకపోయావా?" అని అడిగింది చెంచమ్మ.

"మన బేరం కథకే కదక్కా, కేకకు కాదుగా! అన్నట్టు, ఆ కథ సగంలో ఆగింది. ఐదు పెడితే చివర చెబుతా."

చెంచమ్మ వెనక్కి తిరిగి తన మొండితోక చూపించింది. "చివర మాకు తెలుసులే. నువ్వు వెళ్ళిరా."

ఆ సాయంత్రం తవ్విన పురుగుల్లో మొదటి రెండూ తీతువుకు పెట్టింది. తర్వాత కూర్చుని తనే కథ మొదలెట్టింది. పులిలా గాండ్రించబోతే పిల్లికూనలా వచ్చింది. పొట్టు, గింజ పొట్ట పట్టుకుని నవ్వారు.

చిట్టు నవ్వలేదు. బయట అడుగుల చప్పుడు వింటూ అమ్మను ఆనుకుని కూర్చుంది.

"అమ్మా, తీతువత్త ఉందా?"

"ఉందమ్మా."

"అయితే చెప్పు."

నీతి: వేడుక ఖరీదు పెరిగితే వేడుకనే తగ్గించుకోవాలి కానీ, ప్రాణం కాచే కాపలా వాటా కోయకూడదు.