కొండకు గుండు

గుమ్మడిదుర్గం రాజుగారు కొత్త మేడ కట్టించుకోవడం కోసం కొండమీది అడవంతా నరికించారు. కొండ కింద వాగు ఒడ్డున కాపురముండే జనం భయపడి, వానలకు ముందే గట్టు ఎత్తు పెంచమని వచ్చి మొరపెట్టుకున్నారు.

"పడే వాన ఎప్పుడూ పడేదే. ఇన్నేళ్ళు నీళ్ళనాపిన గట్టు ఇప్పుడెందుకు ఆపదు?" అని రాజుగారు వాళ్ళను పంపించేశారు.

ఆయనను చిన్నప్పుడు ఎత్తుకుని పెంచిన దాది గవరమ్మ ఇల్లు కూడా ఆ వాగు ఒడ్డునే ఉంది. రాజుగారి తలమీద నీళ్ళు పోసే హక్కు ఇప్పటికీ ఆమెదే. మొక్కు తీర్చుకోవడానికి ఆయన గుండు చేయించుకునే రోజున, మంగలి కత్తి పెట్టేముందు జుట్టు తడపడానికి ఆమె చెంబెడు నీళ్ళు పోసింది. చాలా మట్టుకు జుట్టే పీల్చుకుంది. కిందికి జారిన నాలుగు చుక్కలూ కనుబొమల దగ్గరే ఆగిపోయాయి.

గుండయ్యాక ఆమె మళ్ళీ పోసింది. ఈసారి నీళ్ళన్నీ కళ్ళలోకీ ముక్కులోకీ ఒక్కసారే దిగాయి. రాజుగారు ఉక్కిరిబిక్కిరయ్యారు.

"ఏంటవ్వా, బిందె కుమ్మరించావా?"

"అదే చెంబు నాయనా. ఇందాక నీళ్ళనాపిన కనుబొమలు ఇప్పుడెందుకు ఆపలేదు?"

రాజుగారు నున్నటి తల తడుముకుంటూ, ఎదురుగా కనిపిస్తున్న బోడికొండ కేసి కాసేపు చూశారు.

"రేపే గట్టు పని మొదలుపెట్టిస్తాను," అన్నారు.

గవరమ్మ కొంగుతో ఆయన ముఖం తుడిచింది. "మొక్కలు కూడా నాటించు నాయనా. నీ జుట్టు దసరాకల్లా వచ్చేస్తుంది. కొండకు రావాలంటే నీ మనవడి జుట్టు నెరవాలి."