ఏడు బారల గండి

పడమటి సముద్రంలో, ఏడాదిలో సగం రోజులు ముసురు పట్టి ఉండే ఒక దీవిలో, పిడికెడంత రాజ్యం ఒకటి ఉండేది. దాన్ని ఏలే రాజు పేరు ఎథెల్‌మోడ్. రాజ్యం పిడికెడే గాని, రాజుగారి గొప్పలు దీవి అంతా పరిచినా ఇంకా మిగిలేవి.

ఆ గొప్పలకి మూలం లేకపోలేదు. ఉత్తరాన మంచు దేశాల నుంచి వైకింగులనే ఓడదొంగలు ఏటా వచ్చిపడేవాళ్ళు. పొడుగాటి ఓడల్లో ఏటికి ఎదురెక్కి వచ్చి, ఊళ్ళు దోచి, ఇళ్ళు తగలబెట్టి, దొరికినవాళ్ళని కట్టేసి పట్టుకుపోయేవాళ్ళు. పదేళ్ళ కిందట ఎథెల్‌మోడ్ నడుంలోతు బురదలో నిలబడి వాళ్ళని తరిమికొట్టాడు. అది నిజం, ఎవరూ కాదనలేరు. తరవాతి పదేళ్ళూ మాత్రం ఆయన ఆ ఒక్క రోజు గురించి పాడించుకుని వింటూ కూర్చున్నాడు.

పాడేవాడు ఓస్గార్. కొలువు గాయకుడు. మాటకి మాట అప్పజెప్పడంలో అతన్ని మించినవాడు ఆ దీవిలో లేడు. అతని హాస్యానికి రాజు పగలబడి నవ్వేవాడు. కానీ ఈ కథ నాటికి ఓస్గార్ నవ్వడం మానేసి ఆరునెలలైంది.

ఎందుకంటే వినండి. రాజుగారికి తన విజయం రాతి మీద చెక్కించుకోవాలని బుద్ధి పుట్టింది. వెయ్యేళ్ళు నిలిచే స్తంభం కావాలన్నాడు. మంచి రాయి ఎక్కడుంది? సగం రోజు ప్రయాణంలో, ఏటి ఒడ్డున, హేజల్‌ఫర్డ్ అనే ఊరికి కోటగోడ ఉంది. ఎప్పటివాళ్ళో కట్టిన గోడ, ఒక్కో రాయీ ఏనుగు తలంత. మంత్రి విగ్మండ్ వెళ్ళి, ఆ గోడలో సరిగ్గా ఏడు బారల మేర రాళ్ళు పీకించి బళ్ళ మీద తెప్పించాడు. కోతలయ్యాక గండి పూడుస్తామని ఊరివాళ్ళకి చెప్పాడు. కోతలయ్యాయి. గండి పూడ్చాల్సిన మనుషుల్ని కూడా స్తంభం పనికే తోలుకొచ్చారు.

ఆ శరత్కాలంలో మూడు ఓడలు వచ్చాయి. దొంగలకి నిచ్చెన వెయ్యాల్సిన పని కూడా లేకపోయింది, గండిలోంచి నడిచి లోపలికి వెళ్ళారు. పదకొండు మంది చచ్చిపోయారు. వాళ్ళలో ఎడిత్ ఒకతె. ఎడిత్ ఓస్గార్‌కి ఒక్కగానొక్క చెల్లెలు.

రాజుగారు ఆ రోజు వేటలో ఉన్నారు. మర్నాడు తీరిగ్గా వెళ్ళి చూస్తే, దొంగలు దోచుకోవలసింది దోచుకుని పోయారు. రాజు తిరిగొచ్చి, తన పేరు వినే దొంగలు పారిపోయారనీ, ఇది తన రెండో విజయమనీ, దీన్నీ స్తంభం మీద చెక్కమనీ ఆజ్ఞాపించాడు. ఆ మాట విన్నప్పుడు ఓస్గార్ వీణ తీగ మీద చెయ్యి పెట్టి ఉన్నాడు. తీగ తెగింది.

అతను మూడుసార్లు అడిగాడు. మూడోసారి మంచు కరుగుతున్న రోజుల్లో.

"ప్రభూ, ఏరు పారుతోంది. ఓడలు మళ్ళీ వస్తాయి. హేజల్‌ఫర్డ్ గండి అలాగే ఉంది. మనుషుల్ని వెనక్కి పంపండి."

"స్తంభం అయ్యాక చూద్దాం," అన్నాడు రాజు. "గోడ ఒక ఊరిని కాస్తుంది, ఓస్గార్. పేరు రాజ్యాన్నే కాస్తుంది. నువ్వు పాటగాడివి, నీకీ సంగతి తెలియకపోవడమేమిటి?"

పక్కనున్న విగ్మండ్ తల ఊపాడు. మిగతా అయిదుగురు సామంతులూ తలలు ఊపారు. ఓస్గార్‌కి కడుపు మండిపోయింది. ఆ మంటలో చెడామడా తిడితే తల పోతుంది, గండి మాత్రం అలాగే ఉంటుంది. అందుకని నోరు కట్టుకుని బయటికి వచ్చాడు.

ఇక్కడ ఆ కొలువు కట్టుబాటు ఒకటి చెప్పాలి. పాట ముగియగానే రాణిగారు స్వయంగా తేనెకల్లు గిన్నె తెచ్చి అందిస్తారు. పాటలో ఉన్న మాట నాది అని ఒప్పుకున్నవాడు ఆ గిన్నె తాగుతాడు. తాగాడా, పాటలో చెప్పినట్టు చేసి తీరాలి. చెయ్యనివాడికి కొలువులో చోటుండదు. నిరుడు బోర్న్‌వుల్ఫ్ అనే ముసలి బంటు అడవిపందిని ఒంటిచేత్తో చంపుతానన్న పాటకి గిన్నె తాగాడు. తీరా కాలు విరిగి, చెయ్యలేకపోయాడు. ముప్ఫై ఏళ్ళు కొలిచినవాడని కూడా చూడకుండా, అతను కూర్చునే పీటని రాజే బయట పారేయించాడు. అలాంటి రాజు తన పాటలకి తాను పదేళ్ళుగా గిన్నెలు ఎత్తుతున్నాడు. పాత విజయానికి తాగితే కొత్తగా చెయ్యాల్సిందేమీ లేదు కదా. చివరి మాటలు వినడం కూడా ఎప్పుడో మానేశాడు.

స్తంభం నిలబెట్టే రోజు వచ్చింది. మధ్యాహ్నం విందు. రాజు ఎత్తు కుర్చీలో, ఆరుగురు పెద్దలు అటూ ఇటూ కూర్చున్నారు. బయట స్తంభం మీద రాజుగారి ముఖం చెక్కి ఉంది. అసలు ముక్కు కన్నా రాతి ముక్కు కాస్త పొడుగు. శిల్పి బతకనేర్చినవాడు.

"ఇప్పటిదాకా పాడనంత గొప్పగా పాడు," అన్నాడు రాజు. "పాడితే నా చేతి కడియం నీదే."

"కడియం దాకా ఎందుకు ప్రభూ, తమరు గిన్నె తాగితే చాలు," అన్నాడు ఓస్గార్.

అతను మొదలుపెట్టాడు. పదేళ్ళ కిందటి బురద గురించి పాడాడు, ఓడల గురించి పాడాడు. రాజు కళ్ళు అరమోడ్పులయ్యాయి. ఆ తరవాత పాట హేజల్‌ఫర్డ్ వైపు తిరిగింది.

"ఏడు బారల గండి ఉంటే ఏం? అక్కడ ఎథెల్‌మోడ్ ఉన్నాడు. రాయి ఎందుకు, సున్నం ఎందుకు? ఆయన రొమ్మే గోడ. ఆయన పక్కన నిలిచే ఆరుగురూ ఆరు బారల గోడ. ఓడలు రానీ, వానలు రానీ, మళ్ళీ రాయి మీద రాయి లేచేదాకా ఆ గోడ కదలదు, ఒరగదు."

"భేష్," అన్నాడు విగ్మండ్. తాను కూడా పాటకెక్కానని అతనికి పట్టరాని సంతోషం. "రొమ్మే గోడ. ఎంత మాటన్నాడు."

రాణి మిల్‌గిత్ గిన్నె తెచ్చింది. ఆమె పాటంతా విన్నది. ఓస్గార్ ముఖం కూడా చూసింది. గిన్నె అందించే ముందు ఒక్క క్షణం ఆగింది. ఆ మీదట అందించింది. రాజు గటగటా తాగి పక్కవాడికిచ్చాడు. ఆరుగురూ తాగారు. ఆరోవాడు అడుగు కూడా నాకాడు.

ఓస్గార్ వీణ కింద పెట్టి లేచాడు.

"గుర్రాలు సిద్ధం చేయించమంటారా ప్రభూ?"

"ఎక్కడికి?"

"హేజల్‌ఫర్డ్‌కి. ఏడు బారల గండి, ఏడుగురు తాగారు. ఒక్కొక్కరు చేతులు చాస్తే ఒక్కో బార. రాయి లేచేదాకా తమరే గోడ."

రాజు ముఖం కందగడ్డయింది.

"అది పాటరా. పాటలో వంద అంటారు."

"బోర్న్‌వుల్ఫ్ కూడా ఇదే అన్నాడు," అంది రాణి. "తమరు వినలేదు."

గుమ్మం దగ్గర కర్ర ఊతంతో నిలబడి ఉన్న ముసలి బోర్న్‌వుల్ఫ్‌ని అందరూ చూశారు. బంట్లు చూశారు, వంటవాళ్ళు చూశారు. రాజు కూడా చూశాడు. ఇక లేవక తప్పలేదు.

మర్నాడు పొద్దున హేజల్‌ఫర్డ్ జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. గండిలో ఏడుగురు పెద్దలు బార్లా చేతులు చాచి, వేళ్ళు వేళ్ళు ఆనించుకుని, చీలమండల దాకా బురదలో నిలబడ్డారు. పైన తుంపర. విగ్మండ్ పట్టుబట్ట రంగు వెలిసి కాళ్ళ మీదికి కారుతోంది.

"ఓస్గార్, కొడవలితో నీ నాలుక కోయిస్తాను," అన్నాడు రాజు.

"గోడకి నోరెక్కడిది ప్రభూ?"

"ఆకలేస్తోంది."

"గోడకి ఆకలి కూడా వెయ్యదు. పోనీ రాళ్ళు తెప్పిస్తారా? స్తంభంలో ఉన్నాయి."

"స్తంభం జోలికి వెళ్ళకు. నిలబడతాను. నడుంలోతులో నిలబడ్డవాణ్ణి, ఈ బురదో లెక్కా?"

మొండిగా నిలబడ్డాడు. నిజానికి ఆ మొండితనమే ఒకప్పుడు రాజ్యాన్ని కాపాడింది. జనం మొదట నవ్వారు, తరవాత ఎవరి పనికి వాళ్ళు వెళ్ళారు. ఓస్గార్ మాత్రం ఎదురుగా ఒక దుంగ మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. కసి తీరుతుందనుకున్నాడు, తీరలేదు. రాజు చలికి వణకడం చూస్తే ఎడిత్ తిరిగి వస్తుందా?

మధ్యాహ్నానికి వుల్‌విన్ అనే ముసలావిడ గడ్డిమోపుతో అటు వచ్చింది. ఆమెకి రాజెవరో తెలుసు. అయినా వంగలేదు. మోపు దించి, రాజు చాచిన చేతి కింద నిలబడి, కుడివైపు చూపించింది.

"అయ్యా, ఆ నల్లటి దూలాలు కనబడుతున్నాయా? అది మా ఇల్లు. గండికి మొదటి ఇల్లు మాదే. వాళ్ళు మీరు నిలబడ్డ చోటి నుంచే వచ్చారు. పరుగెత్తి కూడా కాదు, నడిచి వచ్చారు. నా మనవడు పాలు పితుకుతున్నాడు. ఎడిత్ వాణ్ణి లాక్కుపోదామని వచ్చింది. ఇద్దరూ ఇక్కడే పడిపోయారు. ఇదుగో, ఇంత దూరం."

ఆమె రెండు అడుగులు వేసి చూపించింది.

రాజు ఆ రెండడుగుల వైపు చూశాడు. చేతులు మాత్రం దించలేదు.

"నేను మర్నాడు వచ్చాను కదా," అన్నాడు మెల్లిగా.

"వచ్చారు. గుర్రం దిగలేదు," అంది వుల్‌విన్. మోపు నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

అప్పుడు రాజు తల తిప్పకుండానే విగ్మండ్‌ని పిలిచాడు.

"నా బదులు ఈ బార నువ్వు కాయలేవు గాని, ఒక పని చెయ్. మనిషిని పంపు. స్తంభం పడగొట్టి రాళ్ళు తెమ్మను."

"ప్రభూ, తమ ముఖం చెక్కి ఉంది దాని మీద..."

"ముఖంతో సహా."

రాళ్ళు రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ పగలల్లా రాజు గండిలోనే ఉన్నాడు. ఆరుగురిలో ఒకడు జ్వరం వచ్చిందని కూలబడితే, అతని బారలో బోర్న్‌వుల్ఫ్ కర్ర పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. రాజు అతన్ని చూసి తల దించుకున్నాడు. మూడో రోజు మొదటి బండి రాగానే రాజు చేతులు దించి, తానే మొదటి రాయి కింద భుజం పెట్టాడు. ఊరు ఊరంతా వచ్చింది. అయిదో రోజుకి గోడ లేచింది. ముఖం ఉన్న రాయి ఏటి వైపుకి, మనిషెత్తులో కుదిరింది.

ఆరో రోజున ఓడలు వచ్చాయి. అయిదు. గండి ఉందనే ధీమాతో గండి ఉన్న చోటికే నేరుగా వచ్చి లంగరు దించారు. ఎదురుగా గోడ, గోడ మీద విల్లులు పట్టిన ఊరు. దొంగలు కొన్ని బాణాలు వేశారు, ఊరివాళ్ళు ఇంకా ఎక్కువ వేశారు. కాసేపటికి దొంగలు ఏం చెయ్యాలో తోచక, తెడ్లు వేసుకుంటూ వెనక్కి మళ్ళారు. ఒక బాణం మాత్రం సూటిగా వచ్చి రాతి ముఖానికి తగిలి, పొడుగు ముక్కుని విరగ్గొట్టింది.

రాజు గోడ మీంచి వంగి చూశాడు. నవ్వు మొదలైంది. బురద కొట్టుకున్న గడ్డం ఊగేలా, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వాడు.

"ఇప్పుడు నా పోలిక వచ్చింది," అన్నాడు. చేతి కడియం తీసి ఓస్గార్ చేతిలో పెట్టాడు. "నన్ను బురదలో నిలబెట్టి గెలిచావు. ఇంకేం కావాలో అడుగు."

"ఒక పాట వినండి."

అక్కడే, ఊరి మధ్య, రాళ్ళ బళ్ళ వెంట వచ్చిన రాణి మిల్‌గిత్ గిన్నె పట్టుకుని నిలబడింది. ఓస్గార్ వీణ కూడా తీసుకోలేదు. పాటలో రాగమంటూ లేదు, పేర్లే ఉన్నాయి. వుల్‌విన్ మనవడితో మొదలుపెట్టి ఒక్కొక్క పేరే చెప్పాడు. పదకొండోది ఎడిత్. అక్కడా ఆగలేదు, చివరి మాట కూడా అన్నాడు.

"వీళ్ళు చచ్చిపోయిన గండి ఎథెల్‌మోడ్ పెట్టింది."

విగ్మండ్ కత్తి మీద చెయ్యి వేశాడు. ఎవరూ కదలలేదు. రాణి గిన్నె ముందుకు చాచింది.

రాజు ఈసారి చివరి మాట దాకా విన్నాడు. గిన్నె రెండు చేతులతో పుచ్చుకుని, ఊరంతా చూస్తుండగా తాగాడు.