ఉప్పు కొట్టు కాడ అడిగే మాట

అనగనగా ఓ సంతలో ఉప్పు కొట్టు ఒక్కటే ఉండేది. ఇల్లెక్కడో, ఇంట్లో ఎవరున్నారో చెబితేగానీ షావుకారు వరహాలయ్య ఉప్పు కొలవడు. చెప్పిందాన్ని సంతంతా వినేలా అరుస్తాడు, అదో దర్జా. చెప్పినోళ్ల ఇళ్లకేమో కన్నాలు పడుతున్నాయి.

పిడకలమ్మే నూకాలు వంతొచ్చింది. ఇంటికాడ బాలింత కూతురు ఒక్కత్తే ఉంది.

"చెప్పవే, ఇల్లెక్కడ?"

"రథం వీధి మలుపులో పెంకుటిల్లండి. పెరటి తలుపుకి గడియ లేదండి. ఇంట్లో ముసలమ్మ ఒక్కత్తే, ఆవిడకేమో చెవుడండి."

వరహాలయ్య అలవాటుగా అంతా అరిచేసి, ఠక్కున ఆగిపోయాడు.

"ఓసినీ! అది మా ఇల్లు కదే!"

"రోజూ పిడకలేసే ఇల్లు కదండీ, అదే నోటికొచ్చింది. మా ఇల్లు కూడా చెప్పమంటారా?"

"వద్దే తల్లీ!" అని ఆమె ఒళ్లో ఉప్పు పోసేసి, కొట్టొదిలి ఇంటికి లగెత్తాడు. నూకాలూ కూతురి కాడికి లగెత్తింది.