కాలు తగిలినప్పుడు

పోస్ట్‌మాన్ తాతారావు యాభై ఒకటో ఏట ఈత నేర్చుకోవడానికి వచ్చాడు. నలభై రోజులైనా మస్తాన్ మాస్టారు అతన్ని కొలనులోకి దిగనివ్వలేదు. రోజూ గట్టు మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టి ఆడించడమే పని.

అతని తర్వాత చేరిన పిల్లలు అప్పుడే ఈ చివరి నుంచి ఆ చివరికి ఈదేస్తున్నారు. తాతారావు కాళ్ళు మాత్రం మోకాళ్ళ దగ్గర మడతపడేవి. ఇరవై ఆరేళ్ళు ఉత్తరాలు పంచిన కాళ్ళు మరి.

"సైకిల్ తొక్కకయ్యా. ఇక్కడ బట్వాడా లేదు," అనేవారు మాస్టారు. "తుంటి నుంచి రావాలి. మోకాలు వదులుగా ఉంచు."

తాతారావు తలూపి, మళ్ళీ అలాగే తన్నేవాడు. నీళ్ళు మనిషెత్తు లేచేవి. ఆ తన్నడంలో నేర్చుకునే తంటా కంటే పగే ఎక్కువ కనిపించేది.

ఎందుకుండదు? పోయిన వేసవిలో అతని కొడుకు వాసు కాలువలో పడిపోయాడు. తొమ్మిదేళ్ళవాడు. ఈత రాని తండ్రి వెనకే దూకాడు. ఊళ్ళోవాళ్ళు జుట్టు పట్టుకుని ఇతన్ని పైకి లాగారు. పిల్లవాడు మర్నాడు లాకుల దగ్గర తేలాడు. ఇప్పుడు ఈతేమిటి, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కాకపోతే, అన్నారు పోస్టాఫీసులో. పాపం, అది అతనికి మాత్రం తెలీదా.

ఆవేళ ముసురు పట్టి ఉంది. పిల్లలెవరూ రాలేదు. తాతారావుకి ఓపిక నశించింది.

"ఇంకెన్నాళ్ళండీ ఈ గట్టు మీద? ఎవరైనా మునిగిపోతుంటే నేను పట్టుకోవాలండి. నాకు అదొక్కటే కావాలి. దిగనివ్వండి."

మాస్టారు చొక్కా అయినా విప్పకుండా నీళ్ళలోకి దిగి, అతని పాదాలకి ఎదురుగా, జానెడు దూరంలో గుండెల్లోతున నిలబడ్డారు.

"ఊఁ, కానియ్యి."

"మీకు తగులుతుందండి."

"కానియ్యమన్నాను."

రెండోసారికే మడమ వెళ్ళి మాస్టారి రొమ్ముకి తగిలింది.

తాతారావు ఆగిపోయాడు. కాలు తగిలితే ఎవరైనా చేసేదే చేశాడు. వంగి మాస్టారి భుజం ముట్టుకుని, ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. అద్దుకున్న చెయ్యి మళ్ళీ తీయలేకపోయాడు.

"ఆరోజు కాలువలో నా కాలికి ఏదో తగిలిందండి," అన్నాడు. "ఇలాగే, మెత్తగా. మా ఇంటిదానికి కూడా చెప్పలేదు. కళ్ళకద్దుకోడానికైనా నాకు చిక్కలేదండి వాడు."

వాన కొలను మీద పడుతూనే ఉంది. మాస్టారు తాతారావు పాదాలు రెండూ పట్టుకుని తన గుండెకి ఆనించుకున్నారు. తాతారావు వెనక్కి లాక్కోబోయాడు. ఆయన వదల్లేదు.

"మునిగేవాడు కాళ్ళ దగ్గరే ఉంటాడు, తాతారావూ. పగతో తన్నే కాళ్ళని అందుకే దిగనివ్వలేదు," అన్నారు. "ఇప్పుడు ఆడించు. మెల్లిగా."

తాతారావు ఆడించాడు. నీళ్ళు చప్పుడు చేయలేదు.