ఈదన్న నడుముకు కారం గొట్టం

అనగనగా ఇప్పచెట్లు దట్టంగా పెరిగిన ఒక కొండ. మనుషుల మాట జంతువులకూ, జంతువుల మాట మనుషులకూ తెలిసే రోజులవి.

ఆ కొండ మీద ఈదన్న అనే వేటగాడు ఉండేవాడు. గురి తప్పని విలుకాడు. అతని కుక్క పేరు పులిగాడు. పేరుకే పులి, ఆకు కదిలినా ఆగి చూసే రకం.

ఒక వేసవి పొద్దున ఇద్దరూ అడవికోళ్ళ వేటకు బయలుదేరారు. ఈదన్న భార్య గురవమ్మ ఒక వెదురు చిమ్మనగొట్టం తెచ్చి ఇచ్చింది. దాని నిండా మిరపకారం కలిపిన నీళ్ళు.

"ఇప్పపూలు రాలే కాలం. వాటి కోసం ఎలుగులు తిరుగుతుంటాయి. మీదికొస్తే ముఖాన చిమ్ము. దీన్ని నడుముకు కట్టుకో మావా," అంది.

"చేతిలో విల్లుండగా కారం నీళ్ళెందుకే? తోటివాళ్ళు నవ్వుతారు," అన్నాడు ఈదన్న. అయినా ఆమె మాట కాదనలేక గొట్టాన్ని సంచి అడుగున పడేశాడు. దాని మీద జొన్నరొట్టెలు, రొట్టెల మీద వల, వల మీద కంబళి.

కొంతదూరం పోయాక ఒక చెదలపుట్ట కనిపించింది. ఎవరో తవ్వారు. మట్టి ఇంకా తడిగానే ఉంది.

"అన్నా, ఇది ఎలుగు పని. గొట్టం బయటికి తియ్యి," అన్నాడు పులిగాడు.

"నిన్నెప్పుడో తవ్వి ఉంటుందిలే, నడువు."

ఇంకాస్త పైకి ఎక్కారు. ఒక చెట్టు బెరడు మీద గోళ్ళ గీతలు. జిగురు కారుతోంది.

"అన్నా, గొట్టం."

"నువ్వు నా కుక్కవా, మా అత్తగారివా?" అని విసుక్కున్నాడు ఈదన్న.

తర్వాత ఇప్పచెట్టు వచ్చింది. రాలిన పూలు సగం తిని వదిలేసి ఉన్నాయి. పులిగాడు అక్కడే చతికిలపడ్డాడు.

"నేనిక అడుగు వెయ్యను. ఎలుగు మీదికొస్తే, కంబళి తీసి, వల తీసి, రొట్టెలు తీసి, అప్పుడు గొట్టం తీస్తావా? అప్పటిదాకా అది ఆగుతుందా? నీకేమైనా అయితే నేను ఎవరి వెంట ఇంటికి పోవాలి?"

ఆ మాటకు ఈదన్న మెత్తబడ్డాడు. సంచి విప్పి గొట్టం తీసి నడుముకు కట్టుకున్నాడు. "నవ్వేవాళ్ళు నవ్వనీ," అనుకున్నాడు.

ఇరవై అడుగులు వేశారో లేదో, బండ మలుపులో ఆడ ఎలుగు! దాని వీపు మీద పిల్ల.

"నా బిడ్డ జోలికొస్తారా!" అంటూ దూకింది.

విల్లు ఎక్కుపెట్టే వ్యవధి లేదు. ఉన్నా, బాణం పిల్లకు తగలొచ్చు. ఈదన్న చెయ్యి నడుముకే పోయింది. చుయ్యిమని కారం నీళ్ళు ఎలుగు ముఖాన పడ్డాయి.

"హాచ్చి!" అని ఎలుగు ఆగిపోయింది. గాలి తిరిగి ఈదన్నకూ, పులిగాడికీ కారం కొట్టింది. ముగ్గురూ తుమ్మారు. కొండంతా తుమ్ములే తుమ్ములు!

ఎలుగు పక్కనే ఉన్న వాగులోకి దిగి కళ్ళు కడుక్కుంది. ఈదన్న అవతలి గట్టున కడుక్కున్నాడు.

"మనిషీ, కళ్ళు మండిపోతున్నాయి," అంది ఎలుగు.

"నావీ మండుతున్నాయి తల్లీ. కాసేపట్లో తగ్గుతుంది. బాణం గాయమైతే అంత సులువుగా తగ్గేది కాదు."

ఎలుగు ముఖం దులుపుకుంటూ అంది, "నా గోళ్ళ గాయమూ అంతే. పూలు రాలినన్నాళ్ళూ ఈ వైపు మాకొదిలెయ్యి. కోళ్ళు కావాలంటే అవతలి వాలున చాలా ఉన్నాయి."

"అలాగే తల్లీ. దారిలో మాట్లాడుకుంటూ పోతాం. మేమొస్తున్నామని మీకు ముందే తెలుస్తుంది," అన్నాడు ఈదన్న. పులిగాడితో కలిసి వాలు దిగిపోయాడు.

ఎలుగుపిల్ల తల్లి చెవి దగ్గర అడిగింది, "అమ్మా, ఆ మనిషి మంచివాడా?"

"అంత తెలియదు నాన్నా. మనమూ ఇంటికి పోతున్నాం, వాళ్ళూ ఇంటికి పోతారు. ఈ పూటకు అది చాలు," అంది తల్లి.

నీతి: ఆపదను ఆపే సాధనం మూట అడుగున ఉంటే బరువే, చేతికి అందేలా ఉంటే ప్రాణం నిలుపుతుంది, ఎదుటివాళ్ళ ప్రాణం కూడా.