చెల్లెలి పెళ్ళికి గంగాళం

చిదంబరానికి ఒకటే బెంగ. సంసారం వద్దనుకుని సదానందస్వామి ఆశ్రమానికి వచ్చి, వంటశాల చూసుకుంటున్నప్పటి నుంచీ చెల్లెలు మైథిలి అతనితో సరిగ్గా మాట్లాడటం లేదు. ఇప్పుడేమో పెళ్ళి శుభలేఖ పంపింది. ఈసారైనా దాని కోపం పోగొట్టాలి. కానుక ఘనంగా ఉంటే తప్ప పని జరగదనుకున్నాడు.

అనుకోవడమేమిటి, ఇత్తడి గంగాళం కొనేశాడు! ఇద్దరు మనుషులు రొప్పుకుంటూ మోసుకొచ్చారు. కానుక మీద పేరు వేయించడం తమ ఇళ్ళలో ఆనవాయితీ కదా అని, అంచు చుట్టూ 'చిదంబరం ఆశీస్సులతో' అని చెక్కించాడు. చింతపండుతో తోమి తోమి తళతళలాడించి స్వామికి చూపించాడు.

"పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ ఉండేది ఎక్కడ?" అని అడిగారు స్వామి.

"హైదరాబాదులో స్వామీ. ఇద్దరూ ఉద్యోగస్తులే. తొమ్మిదో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు."

స్వామి గంగాళాన్ని వేలితో ఠంగుమనిపించారు. "బాగుంది. పెళ్ళిదాకా నీ గదిలోనే ఉంచుకో."

చిదంబరం గదెంత? చాప పరిస్తే తలుపు తెరుచుకోదు. గంగాళం లోపలికి వెళ్ళాక చాపకే చోటు లేకపోయింది. ముడుచుకుని పడుకున్నాడు. తెల్లారి లేస్తూ మోకాలు కొట్టుకున్నాడు. మర్నాడూ అదే మోకాలు! తిడదామంటే దాని మీద తన పేరే ఉందాయె.

కుంటుకుంటూ స్వామి దగ్గరికి వెళ్ళాడు. "గదిలో మసలడానికి లేదు స్వామీ. దాన్ని కొట్టుగదిలో పెట్టించనా?"

"అయ్యయ్యో, పెళ్ళికానుకను కొట్లో పడేస్తావా?" అన్నారు స్వామి.

తన గదిలోనే పట్టనిది ఆ ఫ్లాటులో మాత్రం ఎక్కడ పడుతుందని చిదంబరానికి అప్పుడు తట్టింది. మోకాలు రుద్దుకుంటూ వెళ్ళి చెల్లెలికి ఫోన్ చేశాడు.

"అమ్మలూ, మీ ఇద్దరికీ ఏం కావాలే?"

"నన్నేనా అన్నయ్యా అడుగుతున్నావు?" అంది మైథిలి. "సామాను మాత్రం తేకు, నీకు దండం పెడతాను. పెళ్ళయ్యాక మా ఇంటికొచ్చి నాలుగు రోజులుండు. అతను పప్పు మాడుస్తాడు, నేను పచ్చిగా దించేస్తాను. మా ఇద్దరికీ వంట నేర్పు, చాలు."

చిదంబరానికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గంగాళం ఆశ్రమం వంటశాలకు చేరింది.

ప్రయాణం నాడు స్వామి పాదాలకు మొక్కాడు. సంతోషంగానే ఉన్నాడు గాని, లోపల ఎక్కడో పీకుతూనే ఉంది.

"మేనమామ బంగారం పెడతాడు. బాబాయి ఫ్రిజ్ ఇస్తున్నాడట. సొంత అన్నను, నేనేమో ఒట్టి చేతులతో పోతున్నాను స్వామీ. నలుగురూ ఏమనుకుంటారు?"

స్వామి అతని రెండు చేతులూ పట్టుకుని చూశారు. నిండా తాలింపు నూనె చింది కాలిన మచ్చలు.

"పిల్ల అడిగింది వీటినే కదరా!" అన్నారు.